డాన్‌ని లెక్క అడిగిన తల్లి

అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాల పిల్లలు వేసిన స్కిట్ ఈ వారమంతా నా తలలో తిరుగుతూనే ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి కాటుకతో గడ్డం, మీసం దిద్దుకుని డాన్‌గా వచ్చింది. ఒక భుజం పైకి లేచి ఉంది, చెయ్యి గడ్డం కింద ఆడుతోంది. ఎవరిని అనుకరిస్తోందో చెప్పక్కర్లేదు, మైదానం మైదానమంతా ఈలలు వేసింది. వెనక నలుగురు అనుచరులు. ఒకడు గొడుగు పట్టాడు, ఒకడు డాన్‌గారి చెప్పులు మోశాడు. డాన్ ఒక కుర్రాణ్ని పిలిచి, మూట చూపించి, ఘాట్ రోడ్డు దాటించి రమ్మన్నాడు. కుర్రాడు మూట ఎత్తుకునేలోగా వాళ్లమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఏటి బాబూ, మోస్తే ఎంతిస్తావు?" డాన్ ఏదో అంకె చెప్పాడు. "మరి దొరికిపోతే లాయరుకి ఎవులిస్తారు?" డాన్ భుజం ఎగరేశాడు. "ములాఖత్‌కి విశాఖపట్నం ఎల్లాలంటే బస్సు టిక్కెట్టు ఎవులు కొంతారు?" డాన్ గడ్డం నిమిరాడు. "ఆడు జైల్లో ఉంటే మా పోడు ఎవులు కొడతారు?" మళ్లీ అదే భుజం, అదే గడ్డం. అక్కడికి వచ్చేసరికి ఈలలు ఆగిపోయాయి. వెనక వరసల్లో కూర్చున్న తల్లులు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు వేరు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన, "చదువుకునే పిల్లలకి గంజాయి నాటకాలేంటండీ" అని విసుక్కున్నారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వేషం కట్టి వెక్కిరించడం పగటివేషగాళ్ల నాటి నుంచి మనకున్న విద్య. వ్యాపారిని, సోమయాజిని, పఠానును వాళ్ల వీధిలోనే అనుకరించి, అక్కడే బియ్యం పుచ్చుకుని వెళ్లిన కళాకారుల విద్య. గ్యాంగ్‌స్టర్‌ని వెక్కిరించే సినిమాదీ ఆ వంశమే.

ఆ వంశంలో నా దృష్టిలో మొదటి పేరు 'మనీ' సినిమాలో బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదా. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆయనంటే నాకెంత ఇష్టమో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఆయన గురించి ఎప్పుడూ ఒక వాక్యంతో సరిపెట్టాను. ఈసారి తీరిగ్గా, 'శివ' దగ్గర్నుంచి చెప్పుకుందాం.

1989 అక్టోబరులో 'శివ' విడుదలైంది. ఆ రోజుల్లో మా కాలేజీ హాస్టల్ ముందు ఆపి ఉన్న సైకిళ్ల చైన్లను ఎవడో ఒకడు లాగి చూడని సాయంత్రం లేదు. చైను ఊడి రాలేదు, వేళ్లకి గ్రీజు మాత్రం అంటింది. అయితే శివ కన్నా మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నవాడు భవాని. అంతకుముందు మన రౌడీలు పెద్దగా నవ్వేవారు, గళ్ల లుంగీ కట్టేవారు, హీరో చేతిలో దెబ్బలు తినడానికే తెర మీదికి వచ్చేవారు. భవానిగా రఘువరన్ వచ్చి గొంతు పెంచకుండా మాట్లాడాడు. పక్క వీధిలో నిజంగా ఉండే మనిషిలా కనిపించాడు. కాలేజీ ఎన్నికల వెనక డబ్బు, డబ్బు వెనక రాజకీయ నాయకుడు, నాయకుడి చేతి కింద భవాని. ఆ గొలుసు చూసి మాకు నిజంగా భయం వేసింది. రాంగోపాల్ వర్మ తెలుగు తెరకు ఇచ్చిన కొత్తదనం ఆ భయమే అని నేను ఇప్పటికీ అంటాను.

నాలుగేళ్లు తిరక్కుండానే, 1993లో, అదే వర్మ నిర్మాతగా 'మనీ' వచ్చింది. దర్శకుడు శివనాగేశ్వరరావు వర్మ దగ్గర పనిచేసినవాడు, దర్శకుడిగా ఆయనకిదే మొదటి సినిమా. 'శివ'లో విద్యార్థి రౌడీ జేడీగా వణికించిన చక్రవర్తి ఇందులో అద్దె కట్టలేని నిరుద్యోగి. స్నేహితుడితో కలిసి పక్కింటి ఇల్లాలిని ఎత్తుకెళ్తాడు. డబ్బు ఇవ్వాల్సిన భర్త పరేష్ రావల్‌కేమో భార్య తిరిగి రాకపోతేనే సంతోషం. ఈ కథకు మూలం 1986 నాటి అమెరికన్ సినిమా 'రూత్‌లెస్ పీపుల్'. కానీ ఖాన్ దాదా అచ్చంగా మన సరుకు. బ్రహ్మానందం ఆ పాత్రలో పేటకంతటికీ దాదా, సినిమా హీరో కావాలని కలలు కనే దాదా. ఆయన ముఖంలో హీరో ఉన్నాడని నలుగురు కలిసి పాట పాడి నమ్మిస్తే నమ్మేస్తాడు.

ఆ పాత్రలో గొప్పతనం ఎక్కడుందంటే, బ్రహ్మానందం ఒక్క క్షణం కూడా నవ్వించడానికి ప్రయత్నించలేదు. ఖాన్ దాదాకి తాను దాదానే అన్న విషయంలో రవ్వంత అనుమానం లేదు. భవాని నడిచిన వీధిలోనే నడుస్తున్నానని ఆయన నమ్మకం. పేరడీ చేసే నటుడు కన్నుకొట్టకూడదు, మూలాన్ని నూటికి నూరుపాళ్లు నమ్మాలి. చార్లీ చాప్లిన్ నుంచి రమణారెడ్డి దాకా నేను పాతికేళ్లుగా రాస్తున్నది ఇదే. కన్నుకొట్టిన మరుక్షణం అది మిమిక్రీ అయిపోతుంది. ఖాన్ దాదా 1995లో 'మనీ మనీ'లోనూ, 2011లో చక్రవర్తే దర్శకత్వం వహించిన 'మనీ మనీ మోర్ మనీ'లోనూ తిరిగొచ్చాడు. ఆ రెండు సినిమాలూ మొదటిదానికి సరితూగవు, అది వేరే సంగతి.

భయపెట్టిన చేతులే ఆ భయాన్ని విప్పి చూపించడం హాలీవుడ్‌లోనూ ఉంది. 'గాడ్‌ఫాదర్' 1972లో వస్తే, 1990లో 'ది ఫ్రెష్‌మన్' అనే కామెడీలో మార్లన్ బ్రాండో అదే ముఖంతో, అదే గొంతుతో తన డాన్‌ని తానే అనుకరించాడు. అంతకుముందు 1976లో అలాన్ పార్కర్ 'బగ్సీ మలోన్' తీశాడు. గ్యాంగ్‌స్టర్లందరూ పిల్లలే, తుపాకుల్లోంచి గుళ్లకి బదులు మీగడలాంటి నురగ చిమ్ముతుంది. అరకులో ఆ అమ్మాయి కాటుక గడ్డం చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ సినిమానే.

తెలుగులో ఇలాంటి నవ్వుకి మూలం నన్నడిగితే సినిమాలో లేదు, విజయనగరం పక్కన అలమండలో ఉంది. కె.ఎన్.వై. పతంజలి 'గోపాత్రుడు'లో భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న తగువు మీద ఊరు రెండుగా చీలిపోయి కొట్టుకుంటుంది. 'పిలకతిరుగుడు పువ్వు'లో ఆ తగువు కోర్టుకెక్కుతుంది. పౌరుషానికి కారణం ఎంత చిన్నదో అంత పెద్ద మాటలతో చెప్పడం పతంజలి పద్ధతి. సీమ ఫ్యాక్షన్ సినిమాల వరద తర్వాత 'సీమశాస్త్రి', 'సీమటపాకాయ్' వచ్చినప్పుడు ఆ పద్ధతి వాళ్లకి పట్టుబడితే ఎంత బాగుండునో అనుకున్నాను. రాజమౌళి 'మర్యాద రామన్న'కి కొంత పట్టుబడింది. ఇంట్లో ఉన్నంతసేపూ అతిథి, గడప దాటితే శత్రువు అన్న ఒక్క నియమం మీద సినిమా అంతా నడిచింది. 2012లో వచ్చిన 'సుడిగాడు' తమిళ 'తమిళ్ పడమ్'కి రీమేక్. అందులో అల్లరి నరేష్ ఒక్కొక్క హీరో నడకనీ పట్టుకుని హాలంతా నవ్వించాడు. నేనూ కడుపుబ్బ నవ్వాను.

ఇక్కడిదాకా వచ్చాక నేను రాయాలనుకున్న ముగింపు తేలికైనదే. నవ్వితే డాన్ చిన్నవాడైపోతాడు, కాబట్టి ఇంకా నవ్వండి అని రాసి ఊరుకోవచ్చు. దానికి సాక్ష్యం కూడా ఉంది. కార్తీక్ సుబ్బరాజ్ 2014లో తీసిన 'జిగర్‌తండా'లో మదురై రౌడీ తన జీవితం మీద సినిమా తీయించుకుంటాడు. దర్శకుడు దాన్ని కామెడీగా మార్చేస్తాడు. థియేటర్లో జనం నవ్వాక ఆ రౌడీని చూసి వణికేవాడు ఉండడు. హరీష్ శంకర్ దాన్నే 2019లో 'గద్దలకొండ గణేష్'గా మనకిచ్చాడు.

కానీ ఆ కథలో రౌడీ జనానికి భయం పుట్టించినవాడు. భవానీ అంతే. నవ్వు ఆ భయాన్ని తీసేసింది. ఇప్పటి డాన్ మనల్ని భయపెట్టడం లేదు కదా! ఇప్పుడు అతడే హీరో. పాటలున్నాయి, ప్రేమ ఉంది, తల్లి కోసం కన్నీళ్లున్నాయి. 'పుష్ప' కథ శేషాచలం ఎర్రచందనానిది, చాలా భాగం తీసింది మాత్రం మారేడుమిల్లి అడవుల్లో. అల్లు అర్జున్ అందులోని పుష్పరాజ్ పాత్రకి జాతీయ ఉత్తమ నటుడయ్యాడు, అర్హుడే. ఆ నటన అంత గట్టిది కాబట్టే టీవీ కామెడీ షోల నుంచి పెళ్లి సంగీత్‌ల దాకా అందరూ ఆ భుజం ఎత్తారు. అన్ని స్పూఫుల తర్వాత పుష్పరాజ్ మీద మోజు వీసమెత్తు తగ్గిందా? తగ్గలేదు, పెరిగింది. నడకని అనుకరించే ప్రతివాడూ ఆ నడకని ఇంకొంచెం ప్రచారం చేశాడు. హీరో అయిన డాన్ మీద స్పూఫ్ చివరికి భజనగానే తేలుతుంది. భయాన్ని నవ్వు చంపగలదు, మోజుని మాత్రం చంపలేదు. ఖాన్ దాదాని ఇంత ప్రేమించే నేను కూడా ఈ మాట ఒప్పుకోక తప్పదు: ఆయన్ని చూశాక మనకి దాదాల మీద అసహ్యం పుట్టలేదు, ముద్దొచ్చింది.

మరి అరకు తల్లులు ఎందుకు నవ్వారు? ఈలలు వేసిన కుర్రాళ్లు నవ్వింది డాన్ నడకకి. తల్లులు నవ్వింది అతడి దగ్గర జవాబు లేకపోవడానికి. ఆ నవ్వు ఈ కొండలకి కొత్తది కాదు. చైత్రమాసంలో ఇటుకల పండగకి మగవాళ్లు వేటకి వెళ్లడం, ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడ విసిరి ఎగతాళి చెయ్యడం బ్రిటిష్ కాలంనాటి రాతల్లోనే ఉంది. విల్లు ఎలా పట్టుకున్నావు, అడవిలో ఎంత ఠీవిగా నడిచావు అని అక్కడ ఎవరూ అడగరు. ఇంటికి ఏం తెచ్చావు అన్నది ఒక్కటే ప్రశ్న. వీరత్వాన్ని ఫలితంతో కొలిచే నవ్వు అది. మన సినిమా స్పూఫులు ఎంతసేపూ శైలినే పట్టుకున్నాయి గాని ఫలితం జోలికి పోలేదు.

ఫలితం ఏమిటో ఏజెన్సీలో అందరికీ తెలుసు. ఈ కొండల్లో పండే గంజాయి రకానికి శీలావతి అని పేరు. 2025 సెప్టెంబరులో వచ్చిన క్రిష్ సినిమా 'ఘాటి'లో అనుష్క పాత్రకి ఆ పేరే పెట్టారు. మోసేవాళ్లే కథానాయకులైన సినిమా అది. ఆ ప్రయత్నం నాకు నచ్చింది, చివరికి మూట మోసిన మనిషి కూడా స్లోమోషన్‌లో యోధుడైపోవడం నచ్చలేదు. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక దళం వచ్చింది. ఇంత జరిగినా చెక్‌పోస్టు దగ్గర దొరికేది ఎక్కువగా మోసే కుర్రాడే. సరుకు కొన్నవాడు ఏ నగరంలోనో ఉంటాడు, అతడి ముఖం కుర్రాడు చూసి ఉండడు. ఆ కుర్రాడికి బెయిలు అంత తేలిగ్గా రాదు, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. అతడి తల్లి కాఫీ పళ్లు ఏరిన కూలి డబ్బు లాయరు గుమాస్తాకి చేరుతుంది. ఈ లెక్కంతా ఆ తొమ్మిదో తరగతి పిల్లలు నాలుగు ప్రశ్నల్లో పెట్టేశారు.

కాబట్టి టీవీకి స్కిట్లు రాసేవాళ్లకీ, యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్మ్‌లు తీసే మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లకీ ఒక మాట. డాన్ భుజాన్ని ఇక వదిలేయండి, అందులో నవ్వు అయిపోయింది. ఆయన చిట్టాపద్దు తెరిపించండి. మూటకి ఎంత, దారిలో ఎవరికెంత, పట్టుబడితే ఎవరు వస్తారు, ఎవరు ఫోన్ ఎత్తరు అని అడిగే ఒక ముసలమ్మని డాన్ ఎదురుగా నిలబెట్టండి. డాన్‌గా వేసే నటుడు ఖాన్ దాదా అంత నమ్మకంగా వెయ్యాలి, కన్నుకొట్టకూడదు. స్క్రిప్టుకి కావలసిన అంకెలు చట్టంలోనే ఉన్నాయి: 20 కిలోలకు మించి గంజాయి దొరికితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం, కనీస జరిమానా లక్ష రూపాయలు.