మూడే కాలువలు

పుట్టపర్తి దాటిన చిత్రావతి బుక్కపట్నం చెరువులో చేరుతుంది, పారిన ఏడు. ఆ ఏడు ఆయకట్టు పెత్తనమంతా నీళ్లు పంచే నీరుగంటిదే. పారతో ఒక మడవ కట్టి, మట్టి నిలిచిందో లేదో కాలితో తొక్కి చూసుకున్నాకే రెండో మడవ తీస్తాడు. రెండూ ఒక్కసారే తీస్తే ఏ మడీ సరిగా తడవదు.

మొన్న పుట్టపర్తిలో ప్రశాంతి నిలయం పక్క సందులో ఓ లాడ్జిలో దిగినప్పుడు ఈ సంగతి గుర్తొచ్చింది. ఫోను తెరిస్తే ఇరవైకి పైగా వైఫై పేర్లు కనిపిస్తున్నాయి. వీడియో మాత్రం ఒక్కటీ కదలదు.

వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని మన దేశంలో 2005లో వదిలేశారు. అందులో పేరుకు 13 ఛానళ్లు. ఛానల్‌కూ ఛానల్‌కూ ఎడం 5 మెగాహెర్ట్జే, ఒక్కో సిగ్నల్ వెడల్పేమో 20 దాకా ఉంటుంది. ఇక ఒకదాని మీద ఒకటి పడకేం చేస్తాయి? గట్టు తెగకుండా పారేవి మూడే: 1, 6, 11.

ఇంట్లో సరే, ఊళ్లను కలపాలంటే చిక్కు ముదురుతుంది. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఎత్తైన టవర్లు నిలబెట్టి, వైఫైతోనే కిలోమీటర్ల దూరంలోని ఊళ్లను కలిపింది. ఇలాంటి వలలో ఒక్కో టవర్ మీద రెండు మూడు యాంటెన్నాలుంటాయి. ఒకటి పంపుతుంటే పక్కదానికి ఏమీ వినపడదు. చెవి పక్కనే డప్పు మోగుతుంటే అవతలి గట్టు మీది కేక ఎలా వినిపిస్తుంది? ఐఐటీ కాన్పూర్‌లో ఉండగా భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2005లో దీనికి '2పీ' అనే ఉపాయం చెప్పారు. టవర్ మీదున్నవన్నీ కలిసి పంపాలి, తర్వాత అన్నీ కలిసి వినాలి. ఇవి పంపుతున్నంతసేపూ అవతలి టవర్లు వింటాయి. అప్పుడు అన్నిటికీ ఒక్క ఛానలే చాలు.

కానీ మూడు ఊళ్లు ముక్కోణంగా కలిస్తే? మొదటిది పంపుతుంది, మిగతా రెండూ వింటాయి. ఆ రెండింటి మధ్య లంకె మాటేమిటి? ఇద్దరూ వినేవాళ్లే, చెప్పేవాడు లేడు. ఆ ఒక్క లంకెను వేరే ఛానల్‌కు మార్చక తప్పదు. ఛానళ్ల పంపకం మీద రామన్ 2006లో రాసిన పత్రానికి మూలం ఈ ముడే. ఛానల్‌కో రంగు చొప్పున లంకెలకు మూడు రంగులు వేయాలి, ఏ రంగులోనూ బేసి సంఖ్యలో ఊళ్లున్న చుట్టు మిగలకూడదు. పైగా ఒక రంగులో కలిసున్న టవర్లన్నీ ఒకే తాళానికి నడవాలి కాబట్టి, పంపే వాటా ఎక్కువ కావలసిన లంకెనూ తక్కువ చాలే లంకెనూ వీలైనంతవరకు విడదీయాలి.

చెరువుతో పోలిక ఇక్కడిదాకానే. నీళ్లు వాడితే తరుగుతాయి. రేడియో అలలు తరగవు, కలగాపులగం అవుతాయంతే. నీరుగంటికి పంట మీద ధాన్యం కొలిచేవారు. లైసెన్సు లేని ఈ పట్టీకి నీరుగంటే లేడు.

లాడ్జి కుర్రాణ్ని అడిగితే మూడంతస్తుల్లో మూడు రౌటర్లున్నాయన్నాడు. చూస్తే మూడూ 6 మీదే. ఒకదాన్ని 1కి, ఒకదాన్ని 11కి మార్చాం. నా వీడియో కదిలింది. పై అంతస్తు చివరి గదివాళ్లు మాత్రం సాయంత్రం దాకా మెట్లు దిగి వస్తూనే ఉన్నారు, తమకింకా రాలేదని.