పంటి వయసుకు హద్దులు రాయండి

జిల్లా ఎడిషన్లలో పోలీసుల ప్రకటన తరచూ కనిపిస్తుంది: గుర్తు తెలియని పురుషుడి మృతదేహం, వయసు సుమారు 40 ఏళ్లు, చామనఛాయ, ఫలానా రంగు చొక్కా. ఛాయ, చొక్కా కంటికి కనిపించేవి. వయసు మాత్రం ఎవరో లెక్కగట్టి చెప్పింది. శరీరం పాడైపోయి ముఖం పోల్చుకోలేనప్పుడు ఆ లెక్కకు ఆధారంగా మిగిలేవి ఎముకలు, పళ్లే. పళ్ల స్కాన్ చూసి పెద్దవాళ్ల వయసు అంచనా వేసే పద్ధతులు ఫోరెన్సిక్ శాస్త్రంలో బాగా పెరిగాయి. వాటి మీద నాకు గౌరవం ఉంది. ఉంది కాబట్టే ఒక మాట గట్టిగా చెప్పదలిచాను. ఎన్నేళ్లు అటూ ఇటూ కావచ్చో, ఏ జనం పళ్లను కొలిచి కట్టిన సూత్రమో రాయని వయసు నివేదికను అసంపూర్తి నివేదికగానే చూడాలి.

పిల్లల సంగతి వేరు. పాలపళ్లు ఊడటం, కొత్తవి రావడం, వేళ్లు పూర్తవడం ఒక వరసలో జరుగుతాయి. ఇంగ్లండులో 1837లోనే ఎడ్విన్ శాండర్స్ ఫ్యాక్టరీ పిల్లల వయసు తేల్చడానికి పళ్లు పనికొస్తాయని చూపించాడు. జ్ఞానదంతం వేరు కూడా మూసుకున్నాక ఎదుగుదల చెప్పే ఆధారం అక్కడితో అయిపోతుంది. ఇక చూడాల్సింది అరుగుదలనూ, పంటి లోపలి మార్పునూ. పంటి మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే ఖాళీ ఉంటుంది. దాని గోడలకు జీవితాంతం డెంటిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటూనే ఉంటుంది. ఉప్పునీళ్లు పారే గొట్టం లోపల గార పట్టి సందు సన్నబడినట్టు, వయసు పెరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది. స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్‌సన్ 1950లో ఈ మార్పుతో కలిపి ఆరు లక్షణాలకు మార్కులు వేసి వయసు కట్టాడు. అందుకు పన్ను పీకి, కోసి చూడాలి. నార్వేలో క్వాల్ బృందం 1995లో ఆ అవసరం లేకుండా ఎక్స్‌రే మీదే కొలిచే పద్ధతి తెచ్చింది. ఇటలీలో కామెరియెరే 2004లో కోరపన్ను ఒక్కదాన్నే తీసుకుని, పంటి వైశాల్యంలో లోపలి ఖాళీ ఎంత వంతో లెక్కగట్టాడు. ఇప్పుడు కోన్ బీమ్ సీటీ స్కాన్‌తో ఆ ఖాళీ ఘనపరిమాణమే కొలుస్తున్నారు.

కొలిచే చోటు కాస్త దగ్గరగా చూడండి. ఈ స్కాన్ పంటిని చిన్న చిన్న ఘనాలుగా చూపిస్తుంది. ఒక్కో ఘనం అంచు, యంత్రాన్నీ అమరికనూ బట్టి, సాధారణంగా 0.1 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక మధ్యవయస్కుడి కోరపంటి వేరులో కాలువ ఒక చోట ఒక మిల్లీమీటరు వెడల్పు ఉందనుకోండి. ఘనం 0.3 మిల్లీమీటర్లదైతే కాలువకు అడ్డంగా పట్టేవి దాదాపు మూడే. అంచున ఉన్న ఘనం సగం డెంటిన్, సగం ఖాళీ. అది తెరమీద నల్లగానూ ఉండదు, తెల్లగానూ ఉండదు, బూడిదరంగులో ఉంటుంది. దాన్ని లోపల కలపాలా, బయట వదలాలా అన్నది కొలిచే మనిషో, సాఫ్ట్‌వేరో తేల్చాలి. ఆ ఒక్క వరస తేడాతో వెడల్పులో మూడోవంతు మారిపోతుంది. వేరు చివరికి పోయేకొద్దీ కాలువ ఇంకా సన్నం. స్కాన్ చిత్రం ఎంత స్ఫుటంగా ఉన్నా వయసు కూడా అంతే స్ఫుటంగా తేలిందని అనుకోకూడదు.

ఇక ఫలితాల సంగతి. గుస్టాఫ్‌సన్ తన పద్ధతిలో తప్పు మూడున్నరేళ్లకు కాస్త అటూ ఇటూ అని రాశాడు. 1979లో మేపుల్స్, రైస్ అదే లెక్కను మళ్లీ కట్టి చూస్తే అది ఏడేళ్ల దాకా తేలింది. ఇరవై తొమ్మిదేళ్లపాటు లోకం నమ్మింది అసలు హద్దులో సగాన్నే. క్వాల్ పద్ధతిలో కొలిచే ఆరు పళ్లూ కలిపి చూసినా ప్రామాణిక దోషం దాదాపు 8.6 ఏళ్లు. నూటికి తొంభై అయిదుమందికి వర్తించే హద్దులు కావాలంటే దాన్ని సుమారు రెట్టింపు చేసుకోవాలి, అంటే పైకి పదిహేడు, కిందికి పదిహేడు. నివేదికలో ‘40’ అని ఉంటే అసలు మనిషి వయసు 23 కావచ్చు, 57 కావచ్చు.

ఇంత వెడల్పు హద్దు పోలీసులకు ఏం పనికొస్తుందని అడగవచ్చు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. దర్యాప్తు అధికారి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. ఇరవై లోపువాళ్లనూ, డెబ్భై దాటినవాళ్లనూ పక్కన పెట్టగలిగితే అది చిన్న సాయమేమీ కాదు. ఎత్తు, లింగం, పాత పంటి చికిత్సల ఆనవాళ్లు కలిస్తే జాబితా ఇంకా తగ్గుతుంది. చివర డీఎన్ఏ ఉంది. ఇరుకు అంకె చేసే హాని మాత్రం దిద్దుకోలేనిది. మిస్సింగ్ కేసుల్లో 38 నుంచి 42 మధ్యవాళ్లనే వెతికితే, యాభై రెండేళ్ల తండ్రి కనపడటం లేదని ఫిర్యాదు ఇచ్చిన ఇంటికి ఎవరూ ఫోన్ చేయరు. వాళ్ల డీఎన్ఏ నమూనా అసలు తీసుకోరు. ఆ మృతదేహాన్ని అనాథ శవంగా ఖననం చేస్తారు. వెడల్పు హద్దుతో పని పెరుగుతుంది, నిజమే. అసలు మనిషి జాబితాలోంచి జారిపోవడం కన్నా అది నయం.

కోర్టుకు ఒక్క అంకె కావాలనేది ఇంకో వాదన. మన సుప్రీంకోర్టు అలా అనలేదు. జయమాల కేసులో 1982లోనే, ఎక్స్‌రే వయసులో అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తేడా ఉండొచ్చని గుర్తించింది. నేరం జరిగిన చాన్నాళ్లకు అప్పుడు మేం మైనర్లమని వచ్చిన ముకర్రబ్ కేసులో, నడివయసుకు వచ్చినవాళ్ల విషయంలో ఎముకల పరీక్షను కచ్చితమైన రుజువుగా పట్టుకోలేమని 2016లో చెప్పింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ కూడా ముందు బడి సర్టిఫికెట్, తర్వాత జనన ధ్రువపత్రం, అవేవీ లేకపోతేనే వైద్యపరీక్ష అంటుంది. కోర్టులు హద్దులు అడుగుతుంటే నిపుణులు ఒక్క అంకె చేతిలో పెట్టడం ఎందుకు?

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఈ చిక్కులన్నీ అదే తీరుస్తుందనే ఆశ ఒకటుంది. కొలతలో మనిషికీ మనిషికీ వచ్చే తేడాను అది తగ్గిస్తుంది, కాదనను. కానీ అది నేర్చుకునేది మనం ఇచ్చిన స్కాన్ల నుంచే. ఈ స్కాన్లలో చాలావరకు ఇంప్లాంట్‌కో, పళ్ల వరస సరిచేయడానికో, జ్ఞానదంతం తీయడానికో వచ్చినవాళ్లవి. డెబ్భై ఏళ్లకూ కోరపన్ను గట్టిగా ఉన్నవాళ్లు ఎంత తక్కువో చెప్పక్కర్లేదు. నమూనాలో నడివయసువాళ్లు ఎక్కువైతే సూత్రం అందర్నీ నడిమికి లాగుతుంది, పడుచువాళ్లకు వయసు పెంచి, ముసలివాళ్లకు తగ్గించి చెబుతుంది. పైగా ఒకే వయసున్న ఇద్దరిలో డెంటిన్ ఒకేలా పేరుకోదు. ఆ తేడా శరీరంలోనే ఉంది. మంచి కంప్యూటర్ తెచ్చినంత మాత్రాన అది పోదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. దీని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదనిపిస్తుంది. సూత్రం కట్టాలంటే స్కాన్ తీసిన మనిషి అసలు వయసు తెలియాలి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ వేసిన తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆధార్‌లో జనవరి 1 పుట్టినరోజుగా ఉన్న పెద్దవాళ్లు ఎందరో. అలాంటి తేదీలను నిజమని తీసుకుని సూత్రం కడితే ఆ తప్పు సూత్రంలోకే దిగుతుంది. నార్వే, ఇటలీ సూత్రాలను యథాతథంగా వాడటం దీనికి మందు కాదు. అవి వాళ్ల పళ్లను కొలిచి కట్టినవి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లకూ, ఏళ్ల తరబడి వక్క నమిలినవాళ్ల పళ్లకూ అవి సరిపోతాయో లేదో పరీక్షించకుండా అనలేం.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల డెంటల్ కాలేజీలకు నా విజ్ఞప్తి. చికిత్స కోసం తీసిన స్కాన్లు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వయసు కోసం ఎవరికీ కొత్తగా రేడియేషన్ ఇవ్వనక్కర్లేదు. రోగి అనుమతి తీసుకుని, పేరు తీసేసి, జనన ధ్రువపత్రం ఉన్నవాళ్ల స్కాన్లను వేరుగా పెట్టండి. అరవై దాటినవాళ్లవి పనిగట్టుకుని సేకరించండి. ప్రాంతం, తాగునీరు, వక్క, పొగాకు అలవాటు పక్కన రాయండి. వాటి మీద కట్టిన సూత్రానికి ఎంత హద్దు వస్తే అంతా అచ్చు వేయండి, అది పాతికేళ్లయినా సరే.