మూడు గోడల లెక్క

గ్యారేజీ అంటే ఏమిటో మన దేశంలో చట్టమే చెప్పింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, ప్రకారం పైకప్పు, మూడు వైపులా గోడలు ఉండి బండి పెట్టుకునే చోటు గ్యారేజీ. గోడల్లేని ఖాళీ పార్కింగు ఆ లెక్కలోకి రాదు. అంతకు ఆరేళ్ల ముందు, 2010లో, ముంబై నుంచి వచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే పేచీ తీర్చింది. స్తంభాల మధ్య వదిలిన స్టిల్టు గ్యారేజీ కాదనీ, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదనీ తేల్చింది. లాయర్లు ఈ మాటల్లో హక్కులు వెతుక్కుంటారు. నాకు ఇళ్ల ప్లాన్లు చూసే జబ్బు ఉంది కాబట్టి గోడలే కనిపిస్తాయి. కారుకి గోడలతో పనేముంది? కప్పు చాలు. గోడలు కావలసింది సామానుకి.

ఈ సంగతి ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా పక్కవీధి తెలుగువాళ్లు. కోల్‌కతా భవానీపూర్‌లో హరీశ్ ముఖర్జీ రోడ్డు నుంచి లోపలికి చీలే ఒక సందులో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారు. శ్రీకాకుళం జిల్లా వాళ్లు. ఇంటాయన గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే హెడ్డాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. స్థలం రెండున్నర కాఠా. కాఠా అంటే 720 చదరపు అడుగులు, కాబట్టి స్థలం మొత్తం మన లెక్కలో సరిగ్గా 200 గజాలు. ఈ పేటలో అంత జాగా చేతిలో ఉన్నవాళ్లు చాలామంది ప్రమోటరుకి అప్పజెప్పి, తమ వాటా ఫ్లాట్లు తీసుకుని ఊరుకుంటారు. వీళ్లు సొంత ఇల్లే కావాలన్నారు. కింద గ్యారేజీ, పైన రెండంతస్తులు.

ప్లాన్ నా ముందు పరిచి "ఎలా ఉంది గురువుగారూ?" అన్నారాయన. గ్యారేజీ గడిలో 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు అని రాసి ఉంది. ఒక కారుకి నిబంధనలు అడిగే కనీస కొలత అది. అడిగినంత ఇచ్చేశాం కదా అని ఆర్కిటెక్టు కుర్రాడి ధీమా. కానీ ఆ కొలత కారు నిలబడడానికి సరిపోతుంది, మనిషి దిగడానికి చాలదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో 2014 మే దాకా తయారైన అంబాసిడర్ వెడల్పు ఐదున్నర అడుగులు. నాలుగు మీటర్ల లోపుంటే పన్ను తగ్గుతుందని ఇప్పటి చిన్న ఎస్‌యూవీలు పొడవు కుదించుకున్నాయి గానీ, అడ్డంగా మాత్రం ఆరడుగులకు దగ్గరపడ్డాయి. అద్దాలు కలిపితే ఆరున్నర. ఎనిమిదడుగుల గదిలో ఇక మిగిలేది రెండు పక్కలా కలిపి ఒకటిన్నర అడుగులు చిల్లర. తలుపు తీసుకుని బయటికి రావడానికే రెండడుగులు కావాలి. అలాంటి చోట పక్క గోడకి అర కొడితే, రోజూ దానికి తల కొట్టుకోవాలి.

కాబట్టి మొదటి పని మెట్లను అడుగున్నర వెనక్కి జరపడం. దాంతోపాటు ముందు గదిని కాస్త తగ్గిస్తే లోపలి కొలత పదకొండడుగులు, పంతొమ్మిది అడుగులు అయింది. ముందు గది తగ్గిందని ఆయనకి కష్టంగానే ఉంది.

కారు చుట్టూ ఎంత జాగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందో తెలియాలంటే ఈ పేటలోనే ఒక చోటుంది. ఎల్గిన్ రోడ్డు 38/2, నేతాజీ తండ్రి జానకీనాథ్ బోస్ 1909లో కట్టించిన ఇల్లు, ఇప్పుడు నేతాజీ భవన్. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక, పోలీసుల నిఘా కళ్లు కప్పి, సుభాష్ చంద్రబోస్‌ను అన్న కొడుకు శిశిర్ కుమార్ బోస్ తన జర్మన్ వాండరర్ కారులో ఎక్కించుకుని ఈ ఇంటి నుంచే బయలుదేరాడు. ధన్‌బాద్ దగ్గర బంధువుల ఇంట్లో పగలు గడిపి, మర్నాటి రాత్రి గోమో స్టేషన్‌లో రైలెక్కించాడు. కుటుంబంలో అంతకన్నా పెద్ద స్టూడిబేకర్ కూడా ఉండేది. అది అందరికీ తెలిసిన బండి, దారిలో ఇట్టే గుర్తుపడతారని వద్దనుకున్నారు. ఆ వాండరర్, నంబరు బి.ఎల్.ఎ. 7169, ఇప్పుడు అద్దాల వెనక ఉంది. ఆడి సంస్థ చేతుల మీదుగా మరమ్మతు అయ్యాక 2017 జనవరిలో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ దాన్ని ఆవిష్కరించారు. 1932లో ఆటో యూనియన్‌గా కలిసిన నాలుగు కంపెనీల్లో వాండరర్ ఒకటి, ఆడి గుర్తులోని నాలుగు వలయాల్లో ఒకటి దానిదే. వెళ్లినవాళ్లంతా దేశభక్తితో తలవంచి నిలబడతారు. నేను ఆ పనీ చేశాను, తర్వాత బండికీ గోడకీ మధ్య జాగాను కళ్లతో కొలుస్తూ ఉండిపోయాను. కాపలా మనిషి రెండుసార్లు నా వైపు వచ్చి వెళ్లాడు.

మామూలు ఇళ్లలో కారు చుట్టూ అంత ఖాళీ ఎవరూ ఉంచుకోలేరు. భవానీపూర్ సందుల్లో నడిస్తే గ్యారేజీల గతి తెలుస్తుంది. ఒకప్పటి గుర్రపుబండ్ల గదులు కార్ల గదులయ్యాయి. ఆ కార్ల గదుల్లో ఇప్పుడు దర్జీ, ఇస్త్రీ, హోమియో డాక్టరు, ట్యూషన్ మాస్టారు. షట్టరు రోడ్డు మీదికి తెరుచుకునే గది ఈ నగరంలో ఖాళీగా ఉండదు. కారు మాత్రం బయట, నల్ల ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని, సగం ఫుట్‌పాత్ మీద ఉంటుంది. హైదరాబాద్, విజయవాడల్లోనూ ఇదే కథ. 2012 నాటి జీవో 168 పార్కింగు జాగాను వేరే పనికి వాడకూడదని చెప్పింది. అయినా ఎన్ని సెల్లార్లలో గోదాములు లేవు, ఎన్ని స్టిల్టుల్లో గదులు లేవలేదు? అద్దె ఆశ కొంత కారణం. మిగతా కారణం సామాను. పైన చోటివ్వని సామాను కిందికి దిగుతుంది. కింద గోడల మీద చోటు లేకపోతే నేల మీద పరుచుకుంటుంది. అక్కడితో కారు బయటికి.

భవానీపూర్‌లో నేల మీద సామాను పెట్టకూడదనడానికి ఇంకా గట్టి కారణం ఉంది. పడమటి అంచున టాలీ కాలువ, అదే ఆదిగంగ. హుగ్లీకి పోటు వచ్చినప్పుడు లాకు గేట్లు మూస్తారు. అదే గంటలో వాన పడితే నీళ్లకు పోయే దారి లేదు. 2025 సెప్టెంబర్ 23 తెల్లవారేసరికి ఇరవై నాలుగు గంటల్లో 250 మిల్లీమీటర్లు దాటి కురిసింది. నగరంలో నడుములోతు నీళ్లు, కరెంటు షాకు కొట్టి మనుషులు పోయారు. సరిగ్గా దుర్గాపూజకు ముందు వారం. మా సందులో గ్యారేజీల నుంచి తేలి వచ్చినవాటిలో పెయింటు డబ్బాలు, బియ్యం డ్రమ్ము మూత, ఎవరిదో పాత సూట్‌కేసు చూశాను.

గ్యారేజీ నేలను ఎత్తు చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ ర్యాంపు వాలు ఒకటికి ఎనిమిది కన్నా నిటారుగా ఉంటే బండి పొట్ట రాసుకుంటుంది. అరడుగు లేపాలంటే నాలుగడుగుల ర్యాంపు కావాలి, రెండడుగులు లేపాలంటే పదహారు. గేటు ముందు మనకున్నది ఐదడుగులు. ర్యాంపును రోడ్డు మీదికి దించడం నేరం, అందరూ చేస్తారనుకోండి. పైగా కార్పొరేషన్ తారు వేసిన ప్రతిసారీ రోడ్డు ఒక అంగుళం పైకొస్తుంది, ఇల్లు అంత కిందికి పోయినట్టు లెక్క. అందుకే నేను పెట్టిన షరతు ఒక్కటే. నేల చక్రాలకీ నీళ్లకీ వదిలేయండి. మోకాలి ఎత్తు కింద ఏ అరా వద్దు, ఏ స్విచ్చూ వద్దు. నీళ్ల మోటారు స్టార్టరు ఐదడుగుల ఎత్తున ఉండాలి.

ఇక గోడలు. గోడ కట్టాక అరలు ఆలోచించేవాళ్లకి మిగిలేది డ్రిల్లింగ్ మిషన్. బెంగాల్ ఇటుక పదంగుళాలు, కాబట్టి ఇక్కడ గోడ పదంగుళాలో ఐదంగుళాలో ఉంటుంది, మన తొమ్మిది, నాలుగున్నర లాగా. స్తంభాల మీద లేచే కొత్త ఇళ్లలో గోడ బరువు మోయదని ఐదంగుళాలతో కానిచ్చేస్తారు. దాంట్లోకి బ్రాకెట్ దిగ్గొట్టి నిండు గోనె పెడితే ఏడాదిలో వదులవుతుంది. అందుకే వెనక గోడ ఒక్కటి పదంగుళాలు చేయమన్నాను. ఖర్చు పెద్దగా పెరగదు, ఇటుకలూ రెండు రోజుల కూలీ.

అరలు కడప బండవే కావాలని ఇంటావిడ పట్టు. "అన్నయ్యగారూ, మా వంటింట్లో బండలు ముప్పై ఏళ్లు కదల్లేదు, ఇక్కడ ప్లైవుడ్ రెండు వానాకాలాలు నిలవదు" అన్నారు. అందులో ఆవగింజంత తప్పులేదు. ఈ ఊరి చెమ్మకి ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, గోడ ఉప్పు కక్కుతుంది. నల్లబండకి ఏమీ కాదు. కాకపోతే బండని గోడ లేస్తున్నప్పుడే మూడంగుళాలు లోపలికి దోపాలి, మూడడుగులకి ఒక అడ్డగోడో బ్రాకెట్టో ఆసరా ఉండాలి. తర్వాత చెక్కి పెడతానన్న మేస్త్రీని నమ్మకూడదు.

ఎత్తుల లెక్క నాకు ఇష్టమైన భాగం. కప్పు పదడుగులు. బానెట్ మూడున్నర. కారు ముక్కుని వెనక గోడకేసి నిలిపితే దాని పైన ఆరున్నర అడుగుల గోడ ఊరికే పడి ఉంటుంది. నాలుగున్నర అడుగుల నుంచి మొదలుపెట్టి రెండడుగుల లోతు అరలు వేస్తే, బానెట్ వాటి కిందికి దూరిపోతుంది. కారును వెనక్కి నడిపి పెట్టే అలవాటుంటే ఈ లెక్క పనికిరాదు. డిక్కీ తలుపు లేచి ఆరున్నర అడుగులు అందుకుంటుంది, అర అంచు దానికి గీత పెడుతుంది. ఆయన రైల్వే మనిషి, ఇంజను ముందుండాలన్నారు. మంచిదే. గేటు పైన అటక పోయాలని ఆర్కిటెక్టు గీశాడు, కొట్టేయించాను. రోలింగ్ షట్టరు చుట్టుకునే డ్రమ్ముకి అడుగు పైన జాగా కావాలి. అక్కడ అటక పోస్తే షట్టరు ఎక్కదు, షట్టరు పెడితే అటకలో చెయ్యి దూరదు.

మిగతా అటకల మీదికి ఏం వెళ్లాలన్నది వాళ్లిద్దరి మధ్య పంచాయితీ. ఆవిడ జాబితాలో పెళ్లిళ్ల గుండిగలు, బొమ్మల కొలువు పెట్టెలు, అత్తగారి తిరగలి, ఆవకాయ జాడీలు. గుండిగలూ బొమ్మలూ సరే, ఏడాదికోసారి దిగేవి పైనే ఉండాలి. తిరగలిని అటక ఎక్కించి దింపే వయసు ఎవరికీ లేదు, దాన్ని కింద పెట్టండి, నీళ్లు దాన్నేం చేయవు. జాడీలకి మాత్రం అడ్డం పడ్డాను. షట్టరు వేసిన గ్యారేజీ వేసవిలో కాలిపోతుంది, పెట్రోలు వాసన నూనెకి పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. అటు ఆయన జాబితాలో ఖాళీ గ్యాసు సిలిండరు, ఇన్వర్టరు, మిగిలిపోబోయే పెయింటు. సిలిండరు వద్దే వద్దు. గ్యాసూ పెట్రోలు ఆవిరీ గాలికన్నా బరువు, నేలబారున తిష్ఠ వేస్తాయి. ఖాళీ సిలిండరు నిజంగా ఖాళీగా ఉండదు. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ తేలిక, కప్పు కింద చేరుతుంది. కాబట్టి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ, రెండూ ఎదురెదురు గోడల్లో. రేపు కరెంటు కారు కొంటే ఇబ్బంది లేకుండా 32 ఆంపియర్ల లైను ఒకటి మీటరు దగ్గర్నుంచి ఇప్పుడే విడిగా లాగి పెట్టమన్నాను. గోడ పూత అయ్యాక పైపు చెక్కడమంటే కొత్త ఇంటికి కుట్లు వేయడమే.

వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్లో ఇదంతా విని, మెట్రో పక్కన పెట్టుకుని కారెందుకు నాన్నా అన్నాడట. న్యాయమైన ప్రశ్న. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984 అక్టోబర్ 24న ఎస్‌ప్లనేడ్ నుంచి వచ్చి ఆగింది ఈ భవానీపూర్ స్టేషన్లోనే, ఇప్పుడు దాన్నీ నేతాజీ భవన్ అంటున్నారు. ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. ఏదో ఒక రోజు వాళ్లు కారు అమ్మేస్తారనే నా అంచనా. అప్పుడైనా మూడు గోడలూ, అరలూ, రెండు జాలీలూ పనికొస్తాయి. స్టిల్టయితే దర్జీ వచ్చి కూర్చుంటాడు.

ప్లాన్ వచ్చే వారం కార్పొరేషన్‌కి వెళ్తోంది. వెనక గోడ తేలింది, ఎడమ గోడ తేలింది. కుడి గోడ మీద ఆవిడ మనవడి సైకిలు తగిలిస్తానంటున్నారు, ఆయన తన తొమ్మిదడుగుల నిచ్చెన అడ్డంగా వేలాడదీస్తానంటున్నారు. సైకిలు గోడ నుంచి అడుగున్నర ముందుకొస్తుంది, డ్రైవరు తలుపు అటే తెరుచుకుంటుంది. నిచ్చెన నాలుగంగుళాలు. పైగా అటక ఎక్కాలంటే అది అక్కడే ఉండాలి. నా ఓటు ఆయనకే, ఆవిడకి ఇంకా చెప్పలేదు.