రోడ్డు ఒప్పుకున్న పడవ

రాయచూరు జిల్లాలో బంగారు గనుల ఊరు హట్టిలో ఉన్నవాణ్ణి పడవ గురించి సలహా అడిగేవాళ్లుంటారా అంటే, ఉన్నారు. మా మేనల్లుడు హ్యూస్టన్ నుంచి ఈ వారమంతా నా ఫోనుకి పడవల ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. బండి వెనక ట్రైలర్ తగిలించి గాల్వెస్టన్ దాకా లాక్కెళ్లాలట, అక్కడ సముద్రంలోకి దించి, ఒడ్డు కనబడనంత దూరం పోయి గాలం వెయ్యాలట. "ఏది కొనమంటావు మామయ్యా?" అని చివర్న ఓ ప్రశ్న. మాకున్న నీళ్లల్లా కృష్ణ. సముద్రం చూడాలంటే తూర్పుకైనా పడమరకైనా రాత్రంతా బస్సులో జాగారమే.

అయినా అడిగాడు కదా అని ఆ ప్రకటనలు చదివాను. ఒళ్లు మండింది. గ్లాసులు పెట్టుకునే గుంటలెన్ని, స్పీకర్లెన్ని అన్నది పెద్దక్షరాల్లో ఉంది. బరువు సంగతి చివర్న చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అదీ ఇంజను లేకుండా, పెట్రోలు లేకుండా. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. 300 లీటర్ల ట్యాంకు నింపితే రెండు క్వింటాళ్ల పైమాటే. దానిమీద ఇంజను, ఐసు, లంగరు, ట్రైలర్ బరువు. ఇదంతా లాగాల్సింది వాడి బండి, ఆపాల్సింది వాడి బ్రేకులు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పగ తెలుసు. రెండు పనులు చేస్తానని చెప్పే వస్తువు మా గడప తొక్కదు. సోఫా కమ్ బెడ్ మీద రాసినప్పుడు ఎన్ని ఉత్తరాలొచ్చాయో! ట్రైలర్ పడవదీ అదే జాతి. రోడ్డుకి తేలికపాటిది, ఇరుకైనది కావాలి. అమెరికాలో ప్రత్యేక అనుమతి లేకుండా లాక్కెళ్లాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. మన దేశంలోనూ బండి వెడల్పు హద్దు 2.6 మీటర్లు, అంటే దాదాపు అంతే. సముద్రానికి ఇవేవీ పట్టవు. దానికి బరువు కావాలి, వెడల్పు కావాలి. అడుగు చదునుగా ఉన్న పడవని అల అల్లంత ఎత్తుకి లేపి నీటిమీద బాదుతుంది, వెన్ను కదిలిపోతుంది. అడుగు లోతైన 'వి' ఆకారంలో ఉంటే అల చీలిపోతుంది. రే హంట్ అనే అమెరికన్ గీసిన అలాంటి పడవ 1960లో మయామీ-నసావు పందెం గెలిచాక లోకమంతా ఆ దారి పట్టింది. కానీ ఆ 'వి' అడుగు నిలబెట్టినప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. గాలం వేసేవాడు సగం రోజు నిలబెట్టుకునే కదా ఉంటాడు!

కాబట్టి "కొనకు, అక్కడి చేపల వేటగాళ్ల పడవకి అద్దె కట్టి వెళ్లిరా" అని రాసేద్దామనుకున్నాను. అడ్డం వచ్చింది తెప్ప.

కాకినాడ పక్కన ఉప్పాడ ఒడ్డున ఒకప్పుడు కూర్చుని చూసిన పని అది. అప్పట్లో అక్కడ పడవ కట్టేసుకోవడానికి రేవు లేదు. ఉన్నది ఇసుక, దానిమీద విరిగే కెరటం. వేటనుంచి వచ్చినవాళ్లు తెప్పని ఇసుకమీదికి చేర్చి, తాళ్లు విప్పి, దుంగలు విడదీసి ఎండలో పడేశారు. దుంగ నీరు పీల్చి బరువెక్కుతుంది, ఎండితేనే మళ్లీ తేలికవుతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ పడవ, గట్టుమీద కర్రల వరస. కెరటం మీద పడితే నీరు దుంగల సందుల్లోంచి తనే పోతుంది, తోడే పని లేదు. మునగడానికి అందులో బోలు ఎక్కడుంది? తూర్పు తీరంలోని మసూలా పడవదీ ఇలాంటి తెలివే. పలకలని మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టారు. ఇసుకకి గుద్దుకున్నా అతుకు ఒంగుతుంది గాని విరగదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) వారి బంగాళాఖాతం కార్యక్రమం ఒడ్డుకు లాగగలిగే ఫైబర్ పడవలు తయారు చేసినప్పుడు కూడా తల పట్టుకున్నది ఒడ్డు దగ్గరే. ఇసుక తగిలే వేళకి పంకాని పైకి ఎత్తేసే ఏర్పాటు చేశాకే ఇంజను పనికొచ్చింది.

మా కృష్ణలో పుట్టి సంగతి వేరే చెప్పాలా? 1520 ప్రాంతంలో ఆనెగొంది దగ్గర తుంగభద్రలో తోలు కప్పిన బుట్ట పడవలు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అవి తిన్నగా పోవు, తిరుగుతూ పోతాయని రాసుకున్నాడు. ఏరు దాటాక పుట్టిని బోర్లించి వీపున వేసుకుని నడిచి పోవచ్చన్నది గట్టుమీద తెలిసే గుణం.

మోసుకెళ్లే దారిని బట్టి వస్తువు ఉండాలన్న ఈ లెక్క మా గనివాళ్లకి కొత్త కాదు. లోపల ఎంత పెద్ద యంత్రం పనికొస్తుందన్నది తర్వాతి మాట, ముందు షాఫ్టులో పట్టాలి. పట్టకపోతే విప్పి, ముక్కలుగా దించి, కింద బిగించుకోవాలి. మా మేనల్లుడికి రోడ్డే షాఫ్టు. తెప్ప వందల ఏళ్లు రెండు పనులూ చేసి తీరింది కాబట్టి, సోఫా మీద పగ సోఫా వరకే.

మేనల్లుడికి రాసిన జవాబు ఇది. కొను. ఇరవై అడుగులకి లోపలే కొను. అమెరికా చట్టం ప్రకారం ఇరవై అడుగుల లోపు అవుట్‌బోర్డు పడవ నీళ్లు నిండినా మునగకుండా తేలాలి. అది దాటిన పడవకి ఆ షరతు లేదు, అందుకని పెద్దదైతే భద్రం అనుకోకు. బరువు అన్నీ నింపాక ఎంతో అడుగు. పెట్రోలు మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకు. ట్రైలర్ చక్రాల బేరింగులు వేడిమీద ఉండగా ఉప్పునీళ్లలో దింపకు, చల్లారేటప్పుడు నీటిని లోపలికి పీల్చుకుంటాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడుగు. చిన్న పడవకి సముద్రం ఒప్పుకునే రోజులు తక్కువే ఉంటాయి, గాలి లేచిన రోజు ఇంట్లో ఉండు.

మీ పిల్లలెవరైనా ఇలాంటి బేరంలో ఉంటే ఇది చదివి వినిపించండి. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టెలో ఉంటే లేనట్టే, ఒంటిమీద ఉండాలని కూడా చెప్పండి.