గడపయే కార్ఖానా

షోలాపురమునకు చుట్టములు వచ్చినచో, చెరువు నడుమ వెలసిన సిద్ధేశ్వరాలయమును, దాని చెంతనున్న పాతకోటను, 1931 జనవరి 12న ఎరవాడ చెరలో ఉరికంబమెక్కిన స్వాతంత్ర్యవీరులు మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ శిందేల విగ్రహములు నిలిచిన కూడలిని చూపి, పోవునప్పుడు ఒక చద్దరు చేతబెట్టి పంపుట మన పద్మశాలీల యిండ్లలోని మర్యాద. నేను వారిని పట్టణము చెంతనున్న కుంభారికి కూడ తీసికొనిపోవుదును. అచ్చట చూడదగినదేమని అడుగుదురు. ఇండ్లే, అందును.

ఇండ్లు చూడదగినవగుట వింతగాదు: ఇటలీ దేశమున బొలోన్యా యను నగరము కలదు. అచ్చటి విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని సంప్రదాయము. విద్యార్థులును వలసవచ్చినవారును పెరిగి చోటు చాలకపోగా, గృహస్థులు మేడగదులను వీధిమీదికి పెంచి, క్రింద స్తంభములు నిలిపిరి. 1288లో క్రొత్త యిల్లు కట్టు ప్రతివాడును అట్టి వసారా కట్టి తీరవలెనని నగరసభ శాసించినది. ఆ నీడనే బేహారులు సరకు పఱచిరి, పనివాండ్రు పనిముట్లు పెట్టుకొనిరి. నేడు 62 కిలోమీటర్ల పొడవున్న ఆ వసారాలలో కొన్నిటిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వమున చేర్చినది. పండితుల కీర్తికంటె ఈ వసారాలే నాకు మిన్న.

కుంభారిలో స్తంభములు లేవు. నరసయ్య ఆడం గారి నాయకత్వమున కార్మికులు పోరి సాధించుకొన్న గోదూతాయి పరులేకర్ కాలనీలో, 2006లో పదివేల యిండ్లు బీడీలు చేయు స్త్రీలకు దక్కినవి. వారిలో మన నేతపనివారి ఆడపడుచులు ఎందరో! రాత్రి నానవేసిన తునికాకును రేకుముక్క కొలతకు కత్తిరించి, చేటలోని పొగాకు చిటికెడు పఱచి, వ్రేళ్లనడుమ దొరలించి, దారము చుట్టి, మూతి లోనికి మడుచునప్పుడు వారి చూపు బీడీమీద నుండదు. ఎదురింటి అత్తతో మాట సాగుచునే యుండును. గడపయే వారి కార్ఖానా. పొగాకు ధూళి ఆ గడపదాటి పసిబిడ్డల ఊపిరిలోనికి పోవుచున్నదను సంగతి చెప్పక ఆ హస్తలాఘవమును మెచ్చుకొనుట నాకు న్యాయముగా తోపదు.

అదే కుంభారిలో 2024 జనవరి 19న రాయనగరమను క్రొత్త కాలనీలోని పదునైదువేల యిండ్లు అప్పగింపబడినవి. నేతవారును బీడీకార్మికులును అందు చేరిరి. చేట యిల్లు మాఱినను వెంటవచ్చును గాని మరమగ్గము రాదు. బీడీలు చుట్టు స్త్రీ పని గడపలోనే యున్నది; నేతగాడు మాత్రము పనికి పట్టణపు తూర్పుపేటలకో, అక్కలకోట మార్గమునందలి కార్ఖానాలకో పోవలసినదే, ఆ దారిఖర్చు కూలిలోనుండియే తీయవలసినదే.