కుడికి లాగితే రోడ్డుది తప్పు కాదు

కారు ఒక పక్కకు లాగుతోందంటే అందరి నోటా వచ్చే మొదటి మాట అలైన్‌మెంట్. చక్రాలకు తగిలించిన పరికరాలు, ఎదురుగా పెద్ద తెర, ఎర్ర అంకెలు పచ్చగా మారడం, చివర్లో ఒక కాగితం. ఇంత హడావుడి చూశాక బండి బాగుపడిందనే నమ్ముతాం. తీరా హైవే ఎక్కితే స్టీరింగ్ మళ్లీ అటే పోతుంది. వెనక్కి వెళ్లి అడిగితే షాపువాళ్లు ‘మన రోడ్లంతే సార్’ అంటారు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డును అంచులకు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకైతే మీటరుకు రెండు సెంటీమీటర్లు, అటూ ఇటూగా. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ బండైనా వదిలేస్తే కాస్త ఎడమకు జారుతుంది. కుడికి లాగే బండి విషయంలో మాత్రం రోడ్డు మీద నెపం వేయడానికి లేదు. ఎడమకు లాగేదాని సంగతి తేల్చాలంటే చదునైన, ఖాళీ చోటు కావాలి. ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్లున్నాయే, అవి ఎవరికి పనికొచ్చినా రాకపోయినా ఇలాంటి పరీక్షకు మాత్రం బాగా పనికొస్తాయి. చేతులు పూర్తిగా వదిలేయకుండా, రెండు వేళ్లు స్టీరింగ్ మీద ఆనించి ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపితే చాలు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్దాయన ఒకరు, ఏ వైపు లాగుతోందని ముందు అడగరు. ‘ఎప్పుడు లాగుద్ది సార్? ఊరికే పోతుంటేనా, బ్రేకు తొక్కితేనా, ఎక్సలేటర్ ఇస్తేనా?’ అంటారు. జవాబు విన్నాకే స్పానర్ పట్టుకుంటారు. ఈ పనిలో సగం నైపుణ్యం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఊరికే పోతుంటేనే లాగుతుంటే మొదట చూడాల్సింది గాలి. గాలి తగ్గిన టైరు వైపే బండి పోతుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం కొట్టించాలి. గాలి సరిగ్గా ఉన్నా లాగితే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడాలి. లాగుడు కూడా పక్క మారిందంటే దోషం టైరుదే. రేడియల్ టైరు లోపలి ఉక్కు బెల్టు తయారీలోనే కాస్త పక్కకు పడితే, నేల మీద దొర్లించిన శనగల పొట్లంలాగా ఆ టైరు తిన్నగా పోకుండా ఒక పక్కకు తిరుగుతుంది. కొత్త టైరుకీ ఈ జబ్బు ఉండొచ్చు. ఏ అలైన్‌మెంట్ మెషినూ దీన్ని చూపించదు.

బ్రేకు దగ్గర వ్యవహారం ఇంకా తమాషాగా ఉంటుంది. తొక్కినప్పుడు ఎడమకు లాగితే ఎడమ బ్రేకు పోయిందనుకుంటాం. చాలాసార్లు పోయేది కుడిది. కాలిపర్‌లో పిస్టన్ బిగుసుకుపోయో, పిన్నులు తుప్పు పట్టో కుడి చక్రం సరిగా ఆగదు. ఆపే పనంతా ఎడమదే చేస్తుంది, బండి అటు తిరుగుతుంది. బ్రేకు తొక్కకపోయినా ఎడమకే పోతూ, దూరం నడిచేకొద్దీ లాగుడు పెరుగుతుంటే కథ తిరగబడుతుంది. అప్పుడు ఎడమ బ్రేకు పట్టుకుని వదలడం లేదన్నమాట. బండి ఆపి, ముందు చక్రాల దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్తే (ముట్టుకోవద్దు, కాలుతుంది) వేడిలో తేడా తెలిసిపోతుంది. ఇందులో అందరినీ తిప్పలు పెట్టేది బ్రేకు గొట్టం. పైకి బాగానే ఉంటుంది, లోపల రబ్బరు ఉబ్బి దారి మూసేస్తుంది. పెడల్ బలానికి ఆయిల్ లోపలికి పోతుంది గానీ వెనక్కి రాదు. ప్యాడ్లు మార్చి, కాలిపర్ మార్చి, బిల్లు పెంచి, చివరికి గొట్టం దగ్గరికి వచ్చేవాళ్లున్నారు.

ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు ఒకవైపు, వదిలేస్తే ఇంకోవైపు పోతుంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగాయేమో చూడాలి.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. అక్కడ ముఖ్యంగా కొలిచేవి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు). మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. టో తప్పితే టైర్లు అరుగుతాయి, బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. అది మాత్రమే కారణమై బండి పక్కకు లాగడం తక్కువ, ఎందుకంటే నడుస్తుండగా ముందు చక్రాలు రెండూ ఆ తేడాను సమానంగా పంచేసుకుంటాయి. లాగేవి మిగతా రెండు. ఏ చక్రం పైభాగం ఎక్కువ బయటికి వాలి ఉంటే అటు, ఏ పక్క క్యాస్టర్ తక్కువైతే అటు పోతుంది బండి. ఈ కోణాలు ఉన్నట్టుండి మారాయంటే గుంతలో పడి స్ట్రట్టో, లోయర్ ఆర్మో వంగిందని అనుమానించాలి. అంటే పార్టు మార్చాలి. జాకీ పెట్టి వంచి క్యాంబర్ ‘సెట్’ చేసే షాపులున్నాయి. వంగినదాన్ని మళ్లీ వంచి దాని మీద వంద స్పీడులో పోవడానికి నేనైతే ఒప్పుకోను.

ఈసారి బండి ఇచ్చేటప్పుడు ‘అలైన్‌మెంట్ చేయండి’ అనకండి. ఎప్పుడు లాగుతుందో చెప్పండి. చేయించాల్సి వస్తే సరిచేయక ముందు అంకెలు, తర్వాత అంకెలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. అందులో టో ఒక్కటే మారి, క్యాంబర్ కుడికీ ఎడమకూ తేడాగా అలాగే ఉంటే, అసలు పని ఇంకా మొదలుకాలేదు.