ఫైరింజన్ వచ్చేదాకా

కొత్తకోట చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు గుడిసె అంటుకుంటే ఆర్పుకోవాల్సింది ఊరివాళ్లే. జీతమూ రిజిస్టరూ లేకపోయినా ఆ పనికో పద్ధతి ఉండేది. మా పెద్దనాయన దాన్ని పూసగుచ్చినట్టు చెప్పేవాడు. కేక వినపడగానే ఒకడు కొడవలి పట్టుకొని కొట్టంలోకి దూరి పలుపులు కోసెయ్యాలి. "ముడి ఇప్పుకుంట కూసుంటే గొడ్డూ పోతది, నువ్వూ పోతవు" అనేవాడు. ఇంకో జట్టు గాలివాలున ఉన్న పక్కింటి కప్పెక్కి గడ్డి పీకేస్తుంది. అంటుకున్న గుడిసె ఎట్లాగూ దక్కదు, మిగతా వాడనైనా దక్కించుకోవాలి కదా! బావి దగ్గర్నుంచి రెండు వరుసలు. ఒకదాంట్లో నిండు బిందెలు చేతులు మారుతూ వస్తుంటే, ఇంకోదాంట్లో ఖాళీవి వెనక్కి పోతుంటాయి.

1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు చేసిందీ దాదాపు ఇదే. సభ్యులంతా తోలు బకెట్లు, సామాన్లు మోసుకొచ్చే సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. కాకపోతే వాళ్లు నియమాలు రాసుకున్నారు, నెలనెలా కూర్చొని మాట్లాడుకున్నారు. జర్మనీ చిన్న ఊళ్లలో ఈనాటికీ మంటలార్పేది శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులే. మన దగ్గర పెంకుటిళ్లు, డాబాలు వచ్చాక బిందెల వరుసతో పాటు కలిసి మంటలార్పే అలవాటూ పోయింది. నాకది పెద్ద నష్టంగానే అనిపిస్తుంది.

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మన పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. అలాంటి మంటకు బిందెలు పనికిరావు. డీజిల్ నీళ్లమీద తేలుతుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పారుతుంది. ఇసుకో నురగో కావాలి. బస్సు కిటికీ అద్దాన్ని మధ్యలో కాకుండా మూలన సుత్తితో కొట్టాలి. హైవే పక్క ఊళ్లలో ఎదిగిన పిల్లలందరికీ ఈ సంగతులు తెలిసుండాలి.

ఇవి నేర్చుకోవడానికి ఏటా ఒక వారం ఉండనే ఉంది. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్ ప్రాణాలు పోయాయి. వాళ్ల జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఆ వారం ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టి ఇంటికి రావద్దు. ఊరికి పదిమంది యువతీయువకుల పేర్లు రాసి ఫైర్ స్టేషన్‌కు పంపండి, మంటలార్పే సిలిండర్ పిన్ను వాళ్ల చేతే లాగించండి. 101కి ఫోన్ కొట్టాక ఇంజన్ వచ్చేదాకా ఊరిని చూసుకోవాల్సింది వాళ్లే. సర్పంచులూ, కౌన్సిలర్లూ, వచ్చే ఏప్రిల్ దాకా ఆగకుండా ఆ జాబితా ఇప్పుడే రాయించండి.